ప్రణాళికలో లేని వారం

ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు ఆమధ్య ఫోనులో ఒక పట్టిక చూపించి, "ఇదెలా ఉందో కాస్త చూడండి" అన్నాడు. పన్నెండు వారాల వ్యాయామ ప్రణాళిక, వారానికి ఆరు రోజులు. ఏ రోజు ఏ కండరాలకి, ఎన్ని సెట్లు, సెట్టుకి ఎన్నిసార్లు, వారం వారం బరువు ఎంత పెంచాలి, అన్నీ గడుల్లో నింపి ఉన్నాయి. తయారు చేసినవాళ్ళకి పని తెలుసని చూడగానే అర్థమైంది. బరువు మెల్లగా పెరుగుతోంది. కాళ్ళకి పని పెట్టిన రోజుల మధ్య తగినంత వ్యవధి ఉంది. నాలుగో వారం, ఎనిమిదో వారం కావాలనే తేలిక చేశారు. వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. "మరి మధ్యలో జ్వరం వస్తే?" అని మాత్రం అడిగాను. అతను పట్టికని పైకీ కిందికీ జరిపి చూశాడు. దానికి అందులో గడి లేదు.

జ్వరం ఐదో వారంలో వచ్చింది. వారం పైగా మంచం మీదే ఉన్నాడు. లేచాక తిన్నగా ఆరో వారం గడిలోకి వెళ్ళాడు, క్యాలెండరు ప్రకారం అది ఆరో వారం కాబట్టి. మర్నాటికి మెట్లు దిగలేకపోయాడు. తర్వాత ఒకటి రెండుసార్లు వెళ్ళినట్టున్నాడు, అంతే. ఇప్పుడు ఆ ఊసెత్తితే మాట మారుస్తున్నాడు. నాకు బాధనిపించింది. అతనిలో బద్ధకం ఏమీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఏం చేయాలో చెప్పాల్సిన చోటే ఆ కాగితం చేతులెత్తేసింది.

వ్యాయామ సూత్రాలు అనగానే ఎక్కడ చదివినా అవే నాలుగైదు వస్తాయి. భారం క్రమంగా పెంచాలి. దేన్ని సాధన చేస్తే అదే మెరుగవుతుంది. విశ్రాంతిలోనే శరీరం పుంజుకుంటుంది. అందరికీ ఒకే ఫలితం రాదు. ఇవన్నీ అయ్యాక చిట్టచివర ఒక్క వాక్యం: ఆపేస్తే వచ్చింది పోతుంది. దీన్ని ఒక హెచ్చరికలా అనేసి ముందుకెళ్ళిపోతారు. నేననేది, ఆ చివరి వాక్యం మొదట ఉండాలని. ప్రణాళిక వేసుకునేటప్పుడు అన్నీ కుదిరిన వారంలో ఎంత చేయగలం అని కాకుండా, ఏదీ కుదరని వారంలో ఎంత నిలుపుకోగలం అన్న లెక్కతో మొదలుపెట్టాలని.

ఎంత త్వరగా పోతుందంటే

1966లో డల్లాస్‌లో ఒక ప్రయోగం చేశారు. ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులైన యువకులు ఐదుగురిని మూడు వారాల పాటు మంచం దిగనివ్వలేదు. శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ముందూ తర్వాతా కొలిచారు. స్టామినాకి ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. అది సగటున పావు వంతుకి పైగా పడిపోయింది. ఇక్కడితో ఆగి ఉంటే ఇది పాఠ్యపుస్తకాల్లో ఒక అంకెగా మిగిలేది. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురినీ మళ్ళీ పిలిచి పరీక్షించారు. ఇప్పుడు వాళ్ళకి యాభై. బరువు పెరిగారు, కొవ్వు పెరిగింది. అయినా ఆ ముప్ఫై ఏళ్ళలో మీద పడ్డ వయసు వాళ్ళ నుంచి తీసుకెళ్ళింది, ఇరవయ్యో ఏట మూడు వారాల మంచం తీసుకెళ్ళిన దానికంటే తక్కువ.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. మనం వయసుని నిందించే చోట చాలాసార్లు నిందించాల్సింది కదలకుండా గడిపిన వారాలనేమో.

మంచాన పడితే సరే, ఊరికే సాధన ఆపేస్తే ఏమవుతుంది? 1984లో ఎడ్వర్డ్ కాయిల్, ఆయన సహచరులు బాగా సాధన ఉన్నవాళ్ళ చేత వ్యాయామం మాన్పించి చూశారు. మొదటి మూడు వారాల్లో ఆ ఆక్సిజన్ సామర్థ్యం 7 శాతం తగ్గింది. ఎనిమిది వారాలకి 16 శాతం దగ్గర నిలిచింది. మొదట్లో పోయినదానికి ముఖ్య కారణం గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తం తగ్గడం. శరీరంలో రక్తం పరిమాణమే సాధనతో పెరుగుతుంది, సాధన ఆపితే రోజుల్లో తగ్గుతుంది. కండ బలం దీనికి భిన్నంగా ప్రవర్తిస్తుంది, కొన్ని వారాలు ఆగినా పెద్దగా చెక్కు చెదరదు. అందుకే పది రోజులు ఊరెళ్ళి వచ్చినవాళ్ళకి బరువులు ఎప్పటిలాగే లేస్తాయి, పరుగు దగ్గర మాత్రం ఊపిరి అందదు. ఈ తేడా తెలిస్తే ఎంత కంగారు తగ్గుతుందో! "మొత్తం పోయింది" అని వదిలేసేవాళ్ళలో చాలామందికి నిజానికి పోయింది ఆ కాస్త రక్తమే, అది తిరిగి రావడానికీ ఎక్కువ రోజులు పట్టదు.

పెద్ద వయసులో లెక్క ఇంత దయగా ఉండదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్ని పది రోజులు మంచం మీద ఉంచి చూసిన ఒక అధ్యయనంలో కాళ్ళ నుంచే దాదాపు కిలో కండ పోయింది. కేవలం పది రోజుల్లో. ఇది నేను కళ్ళారా చూశాను కూడా. మా పెద్దమ్మ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. జబ్బు నయమైంది కానీ కుర్చీలోంచి తనంతట తాను లేవలేకపోయింది. వెళ్ళేముందు ఇంటి పనంతా తానే చేసుకున్న మనిషి. "వయసైపోయింది, ఇంక ఇంతే" అని చుట్టూ ఉన్నవాళ్ళు సర్దిచెబుతుంటే నాకు కడుపులో తిప్పినట్టయింది. ఆ రెండు వారాల్లో ఆమె వయసు పెరిగింది రెండు వారాలే.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చి చేయించింది ఒక్కటే పని, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. కుర్చీ మీద మందపాటి దిండు వేసి ఎత్తు పెంచింది. చేతులు ఆనించి లేవమంది. కొన్నాళ్ళకి చేతులు ఆనించకుండా. ఇంకొన్నాళ్ళకి దిండు తీసేసి. ఆఖరికి నిదానంగా, ఎక్కడా ధబ్బున కూలబడకుండా. నేను పక్కనే ఉండి చూశాను. సూత్రాలన్నీ అందులోనే ఉన్నాయి. భారం క్రమంగా పెరిగింది. ఏ పని రావాలో ఆ పనే సాధన చేశారు. మధ్యలో విశ్రాంతి ఉంది. ఒకరోజు పెద్దమ్మ హుషారుగా ఇంకో నాలుగు చేస్తానంటే ఆ అమ్మాయి వద్దంది. "చాలమ్మా, రేపు కూడా చేయాలి కదా." ఒక ట్రైనర్ నోట ఇంతకంటే మంచి మాట నేను వినలేదు.

పెంచకపోతే పెరగదు కదా

నిజమే. దీన్ని దాటవేస్తే నా వాదనకి విలువ ఉండదు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో థామస్ డిలోర్మ్ అనే వైద్యుడు పనిచేసేవాడు. మోకాలి గాయాలతో వచ్చిన సైనికులకి అప్పట్లో తేలికపాటి భారంతో ఎక్కువసార్లు చేయించేవారు. నెలలు గడిచినా బలం వచ్చేది కాదు. డిలోర్మ్ దాన్ని తిరగేశాడు. ఎక్కువ బరువు, తక్కువసార్లు, బలం వచ్చేకొద్దీ బరువు పెంచడం. 1945లో ఆయన ఈ పద్ధతిని ప్రచురించాడు. ఈరోజు జిమ్‌లో "మూడు సెట్లు, పదేసి" అని ఎవరన్నా అంటే ఆ మాట అక్కడి నుంచి వచ్చిందే. మొదట్లో సెట్లు ఇంకా ఎక్కువే ఉండేవి, 1948 నాటికి ఆయన వాటిని మూడుకి కుదించాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు ఎంతో కనుక్కుని, మొదటి సెట్టు అందులో సగంతో, రెండోది ముప్పావుతో, మూడోది పూర్తి బరువుతో చేయించేవాడు.

కాబట్టి ఎప్పుడూ ఒకే బరువు, ఒకే దూరం, ఒకే వేగం అయితే శరీరం మారదు, దానికి మారాల్సిన అవసరమే కనిపించదు. దీనితో నాకు పేచీ లేదు. నా పేచీ పెంచడం ఒక్కటే ప్రణాళిక అనుకోవడంతో. 1990లో బోస్టన్‌లో 86 నుంచి 96 ఏళ్ళ వయసున్న వృద్ధాశ్రమవాసుల చేత బరువులతో సాధన చేయించారు. ఎనిమిది వారాలు పూర్తి చేసిన తొమ్మిదిమందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళ వయసులో! ఈ అంకె అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. సాధన ఆపిన నాలుగు వారాలకే వాళ్ళ బలం 32 శాతం తగ్గింది. దీన్ని చెప్పేవాళ్ళు తక్కువ. తొంభైలో బలం తెచ్చుకోవచ్చన్నది ఎంత నిజమో, దాన్ని నిలుపుకునే ఏర్పాటు లేకపోతే అది నెలలో జారిపోతుందన్నదీ అంతే నిజం.

దేన్ని తగ్గించాలి?

చేతకాని వారంలో మనం సాధారణంగా చేసేది ఏమిటి? మానకూడదు కాబట్టి వెళ్తాం, తేలిక బరువులతో అన్నీ ఓసారి తిప్పేసి వస్తాం. పరుగెత్తే రోజున అంతే సేపు నడుస్తాం. సమయం అలాగే ఉంచి తీవ్రత తగ్గిస్తాం. సరిగ్గా దీనికి ఎదురుగా ఉన్నదే రాబర్ట్ హిక్సన్ 1980ల్లో తేల్చిన విషయం.

ఆయన కొంతమంది చేత పది వారాల పాటు వారానికి ఆరు రోజులు, రోజుకి 40 నిమిషాలు కష్టమైన సైకిలు, పరుగు సాధన చేయించాడు. సామర్థ్యం బాగా పెరిగాక ఒక్కో దాన్నీ విడివిడిగా తగ్గిస్తూ పదిహేను వారాలు చూశాడు. ఆరు రోజుల్ని నాలుగుకీ రెండుకీ తగ్గించినా, తీవ్రత అలాగే ఉంటే ఆక్సిజన్ సామర్థ్యం నిలిచింది. 40 నిమిషాల్ని 26కీ 13కీ తగ్గించినా నిలిచింది. తీవ్రతని తగ్గించిన చోట జారింది. మూడోవంతు తగ్గించినా జారింది, మూడింట రెండు వంతులు తగ్గించిన వాళ్ళలో మరీ జారింది.

నా దృష్టిలో మామూలు మనిషికి అత్యంత పనికొచ్చే వ్యాయామ పరిశోధన ఇదే. సంపాదించడానికి ఆరు రోజులు పట్టినదాన్ని కాపాడుకోవడానికి రెండు రోజులు సరిపోవచ్చు, లేదా రోజుకి పదమూడు నిమిషాలు సరిపోవచ్చు. కానీ ఆ పదమూడు నిమిషాలూ తేలికగా ఉండకూడదు. గంట ఖాళీ లేని రోజున వ్యాయామం కుదరదని మానేసేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని ఆగిపోయిన సాధనలు నిలిచేవో.

తీవ్రత అంటే యంత్రాలు అక్కర్లేదు. చేస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే మధ్యస్థం. రెండు మూడు మాటలకోసారి ఊపిరికి ఆగాల్సి వస్తే తీవ్రం. వయసుని 220లోంచి తీసేసి గుండె గరిష్ఠ వేగం లెక్కగట్టే పద్ధతి కంటే నాకు ఇదే నయమనిపిస్తుంది. ఆ లెక్క సగటు మనిషికి తయారైంది, ఒక్కో మనిషికి పది పన్నెండు కొట్టులు అటూ ఇటూ తేడా రావడం మామూలే.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనల్ని సవరించినప్పుడు పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకి బలం చేకూర్చే పని అని చెప్పింది. ఆ సవరణలో నాకు నచ్చింది, అంతకుముందున్న ఒక నిబంధన తీసేయడం. ఒక్కో విడత పది నిమిషాలైనా ఉంటేనే లెక్కలోకి వస్తుందని ఇదివరకు ఉండేది. ఇప్పుడు అది లేదు. నాలుగు అంతస్తులు గబగబా ఎక్కినదీ లెక్కే.

నా వాదనకి అడ్డొచ్చేవి

ఒక స్నేహితురాలికి ఇదంతా చెబితే, ఆమె చాలా ఏళ్ళుగా క్రమం తప్పకుండా పరుగెత్తే మనిషి, వెంటనే అడ్డుపడింది. "కనీసం ఇంత చాలు అని చెప్పావనుకో, జనం ఆ కనీసం దగ్గరే ఆగిపోతారు. చేతకాని వారం అని పేరు పెట్టాక ప్రతి వారమూ చేతకాని వారమే అవుతుంది." దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఆమె చెప్పినలాంటివాళ్ళని నేనూ చూశాను. నేను ఇచ్చుకోగలిగిన సర్దుబాటు ఒక్కటే. కనీసం ఎంతో ముందే, ఒంట్లో బాగున్న రోజునే రాసిపెట్టుకోవాలి. అలసిన రోజున అప్పటికప్పుడు బేరమాడుకుంటే ఎలాగూ అది సున్నా దాకా దిగుతుంది. అలాంటి వారాలు వరసగా రెండు మూడు దాటితే అది అడ్డంకి కాదు, మన జీవితమే మారిందని అర్థం. అప్పుడు మొత్తం ప్రణాళికే మార్చుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. పోయింది తొందరగానే తిరిగి వస్తుంది కదా, ఇంత బెంగ ఎందుకని. ఒకసారి బలం పెంచుకున్న కండరం విరామం తర్వాత మొదటిసారి కంటే త్వరగా పుంజుకుంటుంది, ఇది సాధన చేసేవాళ్ళందరికీ అనుభవమే. డల్లాస్ మనుషుల్నే తీసుకోండి. యాభైలో వాళ్ళ చేత ఆరు నెలలు మెల్లమెల్లగా సాధన చేయిస్తే, ముప్ఫై ఏళ్ళలో తగ్గిన ఆక్సిజన్ సామర్థ్యం సగటున మొత్తం తిరిగి వచ్చింది. ఇంతకంటే ధైర్యమిచ్చే ఫలితం ఏముంటుంది? కానీ అదే నివేదికలో ఇంకో వాక్యం కూడా ఉంది. ఇరవయ్యో ఏట మంచం దిగాక చేసిన సాధనతో అందుకున్న స్థాయిని మాత్రం వాళ్ళలో ఒక్కరూ మళ్ళీ అందుకోలేదు. పైగా తిరిగి వచ్చేది తిరిగి మొదలుపెట్టినవాళ్ళకే. పూర్తిగా ఆగినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టడం ఎంత కష్టమో మన చుట్టూ చూస్తే తెలుస్తుంది. వారానికి ఒక్క రోజైనా చేస్తున్న మనిషికి రెండో రోజు కలపడం ఆ మొదటి అడుగంత బరువు కాదు.

మూడోది, వయసు. బలం పెంచుకునేటప్పుడు చేసినదానిలో మూడోవంతు, తొమ్మిదోవంతు సాధనతోనే అది నిలుస్తుందా అని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చూసింది. యువకుల్లో పెరిగిన కండ నిలిచింది. అరవై దాటినవాళ్ళలో బలం చాలావరకు నిలిచినా కండ పరిమాణం నిలవలేదు. అంటే పెద్దవాళ్ళకి కనీసం అన్నది యువకుల కనీసం కంటే ఎక్కువ ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి "మీరు కాసేపు నడిస్తే చాలు" అని చెప్పే మనం దీని గురించి గట్టిగా ఆలోచించాలి. నడక మంచిదే, కానీ కుర్చీలోంచి లేచే బలం నడకతో రాదు.

మనిషికీ మనిషికీ ఉన్న తేడా సరేసరి. వందలాది మందితో ఇరవై వారాలు ఒకే రకం సాధన చేయించిన హెరిటేజ్ అధ్యయనంలో కొందరికి ఆక్సిజన్ సామర్థ్యం దాదాపు ఏమీ పెరగలేదు, కొందరికి నిమిషానికి లీటరుకి మించి పెరిగింది. కాబట్టి నేను చెప్పే రెండు రోజులు లేదా పదమూడు నిమిషాలు ఎవరికి వారు సరిచూసుకోవాల్సినవే. ఒక నెల కనీసంతో గడిపి, అదే మెట్లు, అదే బరువు, అదే దూరం ఎలా ఉన్నాయో చూసుకుంటే తెలిసిపోతుంది.

తిరిగి వెళ్ళిన రోజు

పట్టికల్లో లేని రెండో గడి ఇది. విరామం తర్వాత మొదటి రోజు. క్యాలెండరు ఏ వారం చూపిస్తోందన్నది శరీరానికి పట్టదు. వారం లోపు ఊరికే ఆగితే ఆగిన చోటు నుంచే మొదలుపెట్టొచ్చు. జ్వరం వచ్చి తగ్గితే, లేదా విరామం రెండు మూడు వారాలు దాటితే, నేను చెప్పేది ఇది: మొదటి రోజు మునుపటి బరువులో సగం దగ్గర మొదలుపెట్టి, సెట్లు కూడా సగం చేసి, ఇంకా చేయాలని ఉండగానే ఆపేయండి. జ్వరం తర్వాత ఛాతీలో నొప్పి, గుండె దడ, మామూలు కంటే ఎక్కువ ఆయాసం ఉంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికి.

సగం అన్నది పిరికితనంతో చెప్పడం లేదు. కండరం త్వరగా పుంజుకుంటుంది, దాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువు నిదానంగా మారుతుంది. బలం వచ్చేసిందని కండరం చెప్పే రోజుకి స్నాయువు ఇంకా సిద్ధంగా ఉండదు. అలవాటు తప్పిన పని చేసినప్పుడు వచ్చే ఒళ్ళునొప్పి కూడా ఆ రోజే తెలియదు. దాన్ని లాక్టిక్ ఆమ్లం మీద తోసేస్తుంటారు కానీ అది వ్యాయామం అయిన గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది. నొప్పి ముదిరేది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య, ముఖ్యంగా బరువుని నిదానంగా కిందికి దించే కదలికల వల్ల, మెట్లు దిగడం, గుంజీలాంటి స్క్వాట్‌లో కిందికి వెళ్ళడం లాంటి వాటి వల్ల. అందుకే మొదటి రోజు ఎంత చేయగలిగారన్నది ఆ సాయంత్రం తేల్చకండి, మూడో రోజు దాకా ఆగండి. మూడో రోజుకి మెట్లు మామూలుగా దిగగలిగితే కాస్త పెంచండి. పట్టుకుని దిగాల్సి వస్తే అదే బరువుతో ఇంకోసారి చేయండి, రెండోసారికి అదే పని అంత నొప్పి పెట్టదు.